ట్యాంకు గుండు రకం చెప్పేది రంగు కాదు, ఆకారం

ఆర్మీ మేళాల్లో ట్యాంకు పక్కన ఒక బల్ల వేసి దాని మీద గుండ్లు వరసగా నిలబెడుతుంటారు. ఒకదానికి పొడుగాటి సన్నని మొన, పక్కదానికి మొద్దు ముక్కు. ఒకటి నలుపు, ఒకటి నీలం. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఏది పెద్దదో చూసి, దాని పక్కన ఒక ఫొటో దిగి ముందుకు వెళ్ళిపోతారు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఇలాంటి గుండ్లను ట్యాంకుల్లోకి ఎక్కించే వీడియోలు ఫోన్లలో కుప్పలుగా వస్తున్నాయి. కింద క్యాప్షన్ మాత్రం ఎప్పుడూ ఒకటే: ట్యాంకు షెల్.

వీటిని వేరుచేసి చెప్పడం మరీ పెద్ద విద్యేం కాదు. కాకపోతే చాలామంది రంగుతో మొదలుపెట్టి దారి తప్పుతారు. రంగు మనిషి వేసింది. అది దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. మ్యూజియంలో అయితే పెయింటర్ దగ్గర ఏ డబ్బా మిగిలిందన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. ఆకారం సంగతి అలా కాదు. ఎదుటి ట్యాంకు కవచాన్ని ఏ పద్ధతిలో ఛేదించాలనుకున్నారో దాన్ని బట్టే గుండుకు రూపం వస్తుంది. పద్ధతి అర్థమైతే రూపం దానంతటదే గుర్తుండిపోతుంది. అందుకే రంగుల్ని చివరికి నెట్టేసి, గుండును కింది నుంచి పైకి చూసుకుంటూ వెళ్దాం.

ముందు అడుగు చూడండి

అందరి కళ్ళూ మొన మీదకే పోతాయి గానీ అడుగు భాగం చెప్పే కబుర్లు తక్కువేం కాదు. ట్యాంకు రౌండ్‌లో రెండు భాగాలు. ఎగిరి వెళ్ళేది పైనున్న గుండు. దాన్ని తోసే మందు కిందున్న కేస్‌లో ఉంటుంది. కేస్ మొత్తం మెరిసే ఇత్తడిదో, ఉక్కుదో అయితే అది చాలా మటుకు 105 మిల్లీమీటర్లు, అంతకన్నా చిన్న గన్‌ల తరానికి చెందింది. మన సైన్యం దశాబ్దాల పాటు నడిపిన విజయంత ట్యాంకు గన్ ఈ తరానిదే. బ్రిటిష్ వాళ్ళ ఎల్7 అనే 105 మిల్లీమీటర్ల గన్ అది. పేల్చిన ప్రతిసారీ బరువైన ఖాళీ కేస్ ఒకటి వేడివేడిగా టరెట్‌లో, అంటే ట్యాంకు పైన గన్‌తో పాటు తిరిగే గదిలో, పడేది.

జర్మన్ లెపర్డ్ 2, అమెరికన్ అబ్రామ్స్ వాడే 120 మిల్లీమీటర్ల రౌండ్ చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. కేస్ గోడలు లోహానివి కావు. గట్టి అట్టతో చేసినట్టు మట్టిరంగులో ఉంటాయి. మందుతో పాటు ఆ గోడలు కూడా కాలిపోతాయి. మిగిలేది అడుగున ఉన్న పొట్టి ఉక్కు గిన్నె ఒక్కటే.

టీ-72, టీ-90 ట్యాంకుల 125 మిల్లీమీటర్ల రౌండ్ అయితే అసలు ఒక్క ముక్కగా ఉండదు. గుండు వేరు, మందు వేరు. ఈ ట్యాంకుల్లో లోడర్ అనే నాలుగో మనిషి లేడు. ట్యాంకు లోపల అడుగున గుండ్రంగా తిరిగే ఆటోలోడర్‌లో 22 రౌండ్లు పడుకోబెట్టి ఉంటాయి. యంత్రమే ముందు గుండును, వెనకే మందును గన్‌లోకి తోస్తుంది. అందుకే వీడియోల్లో సైనికుడు మొనే లేని ఒక స్తంభాన్ని చంకన పెట్టుకుని ట్యాంకు ఎక్కుతూ కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. అది సగం రౌండ్. అడుగున చిన్న లోహపు గిన్నె, పైన కాలిపోయే గొట్టం. గొట్టం నిండా మందు.

అడుగు దగ్గరే ఇంకో రకం కనిపిస్తుంది. అది ట్యాంకుది కాదు, ట్యాంకును వేటాడేది. కేస్ చుట్టూ వందల కొద్దీ చిన్న చిన్న చిల్లులు ఉంటే అది 106 మిల్లీమీటర్ల రికాయిల్‌లెస్ గన్ రౌండ్. మందు గ్యాసులో కొంత ఆ చిల్లుల్లోంచి బయటికొచ్చి గన్ వెనక నుంచి పోవడం వల్లే గన్ వెనక్కి తన్నదు. అందుకే దాన్ని జీపు మీద కూడా బిగించవచ్చు. 1965 సెప్టెంబరులో అసల్ ఉత్తర్ దగ్గర హవల్దార్ అబ్దుల్ హమీద్ పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకుల్ని కొట్టింది ఇలాంటి జీపు గన్‌తోనే. ఆయనకు మరణానంతరం పరమవీర చక్ర వచ్చింది. అన్నట్టు, ఈ గన్ అసలు కొలత 105 మిల్లీమీటర్లే. అంతకుముందు వచ్చిన 105 గన్ రౌండ్లతో కలిసిపోకుండా పేరు మాత్రం 106 అని పెట్టారు. అంకెలు కూడా అప్పుడప్పుడు అబద్ధం చెబుతాయన్నమాట.

కేస్ దాటి పైకి వస్తే గుండు కింది భాగంలో ఒక రాగి పట్టీ ఉందేమో చూడాలి. గన్ బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాడులు ఉంటే, ఈ మెత్తటి రాగి ఆ గాడుల్లోకి కరుచుకుని గుండును గిర్రున తిప్పుతుంది. అలా తిరిగే గుండు గాలిలో తలకిందులు కాకుండా ఉంటుంది. కాబట్టి వెడల్పాటి రాగి పట్టీ అంటే గాడుల గన్ అని అర్థం. 120 నాటో, 125 రష్యన్ గన్‌లు లోపల నున్నగా ఉంటాయి. వాటి గుండ్లకు పట్టీ కనిపించినా, గాడుల్లోకి కరుచుకునే పని అక్కడ లేదు. తిరగకుండా నిలకడగా పోవాలంటే రెక్కలు కావాలి.

ఈ పట్టీ ఇంకో ముఖ్యమైన సంగతి చెబుతుంది. పట్టీ నున్నగా ఉంటే ఆ గుండు ఇంకా గన్‌లోంచి పోలేదు. పట్టీ మీద ఏటవాలుగా గీతలు చెక్కుకుని ఉంటే పేల్చినది. పేల్చాక కూడా గుండు ముక్కలు కాకుండా మొత్తంగా పడి ఉందంటే, అది ఉత్త ఇనుప ముద్దో, ప్రాక్టీసు గుండో, పేలాల్సి ఉండి పేలనిదో. మూడోది ఎప్పుడు పేలుతుందో ఎవరికీ తెలియదు. ఫైరింగ్ రేంజ్‌ల చుట్టుపక్కల పాత ఇనుము ఏరుకుంటూ ఇలాంటివి కదిపి చనిపోయినవాళ్ళ వార్తలు మన దేశంలో అప్పుడప్పుడు వస్తూనే ఉంటాయి. కాబట్టి ఈ వ్యాసంలో గుర్తుపట్టడమంతా ఫొటోలో, అద్దం వెనక. నేల మీద కనిపిస్తే దూరం జరిగి పోలీసులకు చెప్పడమే.

టోపీ మీద టోపీ: రెండో ప్రపంచ యుద్ధపు గుండ్లు

కవచాన్ని బద్దలు కొట్టడానికి రెండే దారులు. వేగంతో గుద్దడం ఒకటి, పేలుడు మందును తెలివిగా వాడటం రెండోది. మొదటి దారిలో అన్నిటికన్నా పాతది ఏపీ, అంటే ఆర్మర్ పియర్సింగ్. మన రాష్ట్రంతో దానికి సంబంధం లేదు. మొన తేలిన గట్టి ఉక్కు ముద్ద, కింద రాగి పట్టీ, అంతే. మొన మీద ఎక్కడా అతుకు కనిపించకపోతే ఇదే అనుకోవచ్చు.

చిక్కేమిటంటే, పైపొరను బాగా గట్టిపరిచిన కవచానికి తగిలితే ఈ మొన పగిలిపోయేది. దానికి విరుగుడుగా మొన మీద కాస్త మెత్తటి ఉక్కు టోపీ తొడిగారు. తగిలిన అదురును ఆ టోపీ పంచుకుంటుంది, లోపలి మొన నిలుస్తుంది. కానీ టోపీ మొద్దుగా ఉండటంతో గుండు గాలిలో వేగం కోల్పోయేది. దాంతో ఆ టోపీ మీద పల్చటి రేకుతో, లోపల బోలుగా, వాడి మొన ఉన్న ఇంకో తొడుగు వేశారు. ఇలా టోపీ మీద టోపీ ఉన్న గుండును ఏపీసీబీసీ అంటారు. జర్మన్ టైగర్ ట్యాంకు 88 మిల్లీమీటర్ల గన్‌కు ప్రధానమైన గుండు పాంజర్‌గ్రనాటె 39 ఈ రకమే.

బయట నుంచి ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి. గుర్తు పట్టించేది అతుకు. మొనకు కొంత కిందుగా చుట్టూ సన్నటి గీతో, రేకును లోపలికి నొక్కిన వరస గుంటలో కనిపిస్తే పైన ఉన్నది బోలు తొడుగని తెలుస్తుంది. పాత గుండ్లలో ఆ తొడుగు ఊడిపోయి, లోపలి మొద్దు టోపీ బయటపడి కనిపిస్తుంది. అలాంటి ఫొటో చూసి ఇదేదో వేరే రకమని వాదించుకునేవాళ్ళు ఉన్నారు. రెండూ ఒకటే, ఒకదానికి టోపీ పోయింది, అంతే.

లోపల పేలుడు మందు ఉందా లేదా అన్నది ముందు నుంచి చూస్తే అసలు తెలియదు. బ్రిటిష్ వాళ్ళు మందు లేని ఉత్త ఉక్కు గుండును ఎక్కువ ఇష్టపడ్డారు. జర్మన్లు, రష్యన్లు, అమెరికన్లు చాలా గుండ్లలో చిన్న గది చేసి కొంచెం మందు పెట్టారు, కవచం దాటాక లోపల పేలడానికి. ఆ గుండును పేల్చే ఫ్యూజ్ అడుగున ఉంటుంది. గుండును కేస్ నుంచి విడదీసి అడుగు చూపిస్తే తప్ప ఈ తేడా పట్టుకోలేం.

తర్వాత వచ్చింది వేరే ఆలోచన. గుండు మొత్తాన్ని బరువుగా చేసే బదులు, మధ్యలో చిన్న టంగ్‌స్టన్ కోర్, అంటే బరువైన గట్టి లోహపు కడ్డీ, పెట్టి, చుట్టూ తేలికపాటి లోహంతో బ్యారెల్‌కు సరిపోయేంత ఒళ్ళు ఇస్తే? బరువు తగ్గుతుంది, వేగం పెరుగుతుంది, దెబ్బ అంతా చిన్న చోట పడుతుంది. దీని పేరు ఏపీసీఆర్. సోవియట్ రకాల్లో దీన్ని గుర్తించడం చాలా సులువు: పైన ఒక అంచు, కింద ఒక అంచు, మధ్యలో నడుము సన్నం. బ్యారెల్‌ను తాకేవి ఆ రెండు అంచులే. మధ్యలో లోహం దండగ కాబట్టి తీసేశారు. జర్మనీ దగ్గర కూడా ఈ రకం ఉంది, కానీ టంగ్‌స్టన్ దొరకడమే గగనమైంది. పోర్చుగల్, స్పెయిన్ నుంచి ఖనిజం తెప్పించుకుని, ఉన్న కొద్దిదాన్నీ ఫ్యాక్టరీల్లో లోహం కోసే పనిముట్లకు మళ్ళించాల్సి వచ్చింది. అందుకే ఆ గుండ్లు ట్యాంకులకు చాలా పొదుపుగా అందేవి.

విడిపోయే చొక్కా, మిగిలే బాణం

ఏపీసీఆర్‌లో ఒక లోపం ఉంది. ఆ తేలికపాటి ఒళ్ళు గమ్యం దాకా గుండుతోనే పోతుంది. వెడల్పు ఎక్కువ, బరువు తక్కువ కావడంతో దూరం పెరిగేకొద్దీ వేగం చప్పున పడిపోతుంది. బ్యారెల్ దాటగానే ఆ చొక్కాను వదిలించుకుంటే సరిపోతుంది కదా అన్నది తర్వాతి మెట్టు. ఆ చొక్కా పేరే సాబో. బ్రిటిష్ వాళ్ళు 1944లో తమ ఆరు పౌండ్ల, పదిహేడు పౌండ్ల గన్‌లకు ఇచ్చిన ఏపీడీఎస్ ఈ రకం. చూపుకు ఇది పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. వెడల్పాటి సాబోలోంచి కురచ మొన కొంచెమే బయటికి వస్తుంది. రెక్కలు ఉండవు, గాడుల గన్‌లో తిరుగుతూనే పోతుంది.

లోపలి కోర్‌ను ఇంకా సన్నగా, ఇంకా పొడుగ్గా చేస్తే కవచంలోకి ఇంకా లోతుగా దిగుతుంది. కానీ తిప్పి నిలబెట్టడానికి ఒక హద్దుంది. అడ్డుకొలతకు ఆరేడు రెట్లకు మించి పొడవైతే గుండు ఎంత తిరిగినా నిలవదు, తూలుతుంది. అక్కడి నుంచి ముందుకు పోవాలంటే తిప్పడం మానేసి వెనక రెక్కలు పెట్టాలి. 1961లో సోవియట్ టీ-62 ట్యాంకు 115 మిల్లీమీటర్ల నున్నటి గన్‌తో వచ్చింది ఈ లెక్క మీదే. రెక్కలున్న ఈ బాణాన్ని ప్రపంచమంతా ఏపీఎఫ్‌ఎస్‌డీఎస్ అంటుంది. అక్షరాల వరస మార్చి మన సైన్యం ఎఫ్‌ఎస్‌ఏపీడీఎస్ అంటుంది. ఇవాళ ట్యాంకుతో ట్యాంకు తలపడితే మొదట ఎక్కించేది దీన్నే.

బల్ల మీద పెట్టిన రౌండ్‌లో ఇది ఎలా కనిపిస్తుంది? రెక్కలు వెతికి లాభం లేదు. 105, 120 రౌండ్లలో తోక భాగం కేస్ లోపల మందులో మునిగి ఉంటుంది. బయటికి కనిపించేది సాబో, దాని మధ్యలోంచి పొడుచుకొచ్చిన సన్నటి కడ్డీ, కడ్డీ కొసన సూది మొన. సాబోను పై నుంచి చూస్తే నిలువుగా అతుకు గీతలు ఉంటాయి. చాలా వాటిలో మూడు రేకులు కలిపి కట్టినట్టు ఉంటుంది. సాబో ముందు అంచు లోపలికి గుంటగా ఉండటం కూడా చూడండి. బ్యారెల్ దాటగానే గాలి ఆ గుంటలో నిండి రేకుల్ని బయటికి విరుస్తుంది. రేకులు విడిపోతాయి, బాణం ఒక్కటే సెకనుకు దాదాపు ఒకటిన్నర కిలోమీటరు, అంతకన్నా ఎక్కువ వేగంతో పోతుంది. ఊడిన రేకులు కూడా ఊరికే రాలవు, ట్యాంకు ముందు నడిచే పదాతి దళానికి అవి నిజంగానే ప్రమాదం.

రెక్కల గుర్తు కావాలంటే ఫైరింగ్ రేంజ్‌లో ప్లైవుడ్ టార్గెట్‌ను చూడాలి. మధ్యలో చిన్న గుండ్రటి చిల్లు, దాని చుట్టూ నక్షత్రపు కొసల్లా రెక్కలు కోసిన గీతలు. ఇంకే రకం గుండూ ఇలాంటి అచ్చు వదలదు.

సోవియట్ పాత బాణాలకూ, పాశ్చాత్య దేశాల బాణాలకూ చూపులోనే తేడా ఉంది. సోవియట్ వాటిలో సాబో అంటే నడుముకు వేసిన ఒక పొట్టి ఉంగరం. వెనక రెక్కలు మాత్రం బ్యారెల్ అంత వెడల్పు, ఎందుకంటే బ్యారెల్‌లో వెనక వైపు ఆనుకుని జారేది ఆ రెక్కలే. పాశ్చాత్య రకాల్లో సాబో పొడుగ్గా బాణం చుట్టూ పాకి ఉంటుంది, రెక్కలు చిన్నవి. 125 మిల్లీమీటర్ల రౌండ్‌లో ఇంకో విచిత్రం. గుండు ముక్కలో కూడా అదనపు మందు ఉంటుంది. అది బాణం తోక చుట్టూ స్తంభంలా చుట్టి ఉంటుంది. కాబట్టి చేతిలో ఉన్నది మట్టిరంగు స్తంభం, దాని కొసన సాబో, అందులోంచి సన్నటి మొన అయితే అది బాణమే. పేలుడు గుండ్లకు ఈ అదనపు స్తంభం ఉండదు.

ఇక్కడ ఆకారాన్ని శాసించేది ఇంకోటి కూడా ఉంది, ట్యాంకు కడుపులో చోటు. టీ-72, టీ-90 ఆటోలోడర్‌లో గుండు పడుకునే గూటి పొడవు ఇంతేనని ముందే తేలిపోయింది. అంతకన్నా పొడుగు బాణం అందులో పట్టదు. చేత్తో లోడ్ చేసే అబ్రామ్స్, లెపర్డ్‌లకు ఆ గూటి ఇబ్బంది లేదు. పక్కపక్కన పెట్టి చూస్తే వాటి బాణాలు పొడుగ్గా ఉండటానికి ఇది పెద్ద కారణం. మన దేశంలో ఈ బాణాలకు కావాల్సిన టంగ్‌స్టన్ మిశ్రమ కడ్డీలు తిరుచిరాపల్లిలోని హెవీ అల్లాయ్ పెనిట్రేటర్ ప్రాజెక్ట్‌లో తయారవుతాయి.

అర్జున్ ట్యాంకు విషయంలో జాగ్రత్త. దాని 120 మిల్లీమీటర్ల గన్‌లో గాడులు ఉన్నాయి, అయినా రెక్కల బాణాన్నే పేలుస్తుంది. పట్టీ గాడుల్లో పడి తిరిగినా, ఆ తిరుగుడు బాణానికి అంతగా అంటకుండా పట్టీని జారేలా అమర్చుతారు. కాబట్టి పట్టీ ఉంది గనక రెక్కలు ఉండవు అనుకోవద్దు.

మందుతో పనిచేసేవి

రెండో దారి గుండ్లలో బాగా తెలిసింది హీట్. ఆ మాట విని కవచాన్ని కరిగించేస్తుందనుకుంటారు. అది హై ఎక్స్‌ప్లోజివ్ యాంటీ ట్యాంక్ అన్న నాలుగు మాటల పొడి అక్షరాలే తప్ప వేడితో దానికి సంబంధం లేదు. లోపల పేలుడు మందు ముందు భాగంలో శంకువు ఆకారంలో గుంట చేసి, దానికి పల్చటి రాగి పొర వేస్తారు. మందు పేలగానే ఆ రాగి పొర నలిగి, మధ్యకు ముడుచుకుని, సన్నటి ధారగా ముందుకు చిమ్ముతుంది. ఆ ధార మొన వేగం సెకనుకు 8 నుంచి 10 కిలోమీటర్లు. ఉక్కును అది కరిగించదు, పక్కలకు నెట్టి దారి చేసుకుంటుంది.

ఈ ధార సాగి సన్నబడటానికి కొంత దూరం కావాలి. మందు కవచానికి మరీ దగ్గరగా పేలితే లాభం లేదు. ఆ దూరం కోసమే చాలా హీట్ గుండ్లకు ముందు పొడుగాటి గొట్టం ముక్కు ఉంటుంది. వెడల్పాటి ఒళ్ళు, దాని భుజాలు ఉన్నట్టుండి తగ్గి, అక్కడి నుంచి సన్నటి గొట్టం. అమెరికన్ 105 మిల్లీమీటర్ల ఎం456 ఫొటో ఒక్కసారి చూస్తే ఈ రూపం ఇక మరచిపోరు. బాణం మొనతో దీన్ని కలిపేసుకోకండి. బాణానిది నిండు కడ్డీ, సూది మొన, చుట్టూ రేకుల సాబో. హీట్ గొట్టానిది మొద్దు కొస, కొసన తాకగానే స్పందించే ఫ్యూజ్ భాగం, కింద నిండైన ఒళ్ళు, సాబో లేదు.

గుండు గిర్రున తిరిగితే రాగి ధార చెదిరిపోతుంది. అందుకే గాడుల గన్‌లో పేల్చే హీట్ గుండ్లకు కూడా సాధారణంగా రెక్కలే. ఒక్క ఫ్రెంచి వాళ్ళు మాత్రం పట్టుబట్టి వేరే దారి తొక్కారు. ఏఎంఎక్స్-30 ట్యాంకు కోసం చేసిన ఒబ్యూ జీ అనే గుండులో బయటి ఒళ్ళు తిరుగుతుంది, లోపలి మందు బాల్ బేరింగ్‌ల మీద కూర్చుని దాదాపు తిరగకుండా ఉండిపోతుంది. దాంతో పొడుగు గొట్టం లేదు, రెక్కలు లేవు. బయటికి అచ్చం మామూలు పేలుడు గుండు. ఆకారం చూసి చెప్పేయొచ్చు అనుకునేవాళ్ళ పొగరు అణచడానికే చేసినట్టుంటుంది.

హెష్ సంగతి ఇంకోలా ఉంటుంది. బ్రిటన్‌లో డెనిస్టన్ బర్నీ అనే ఇంజనీరు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కాంక్రీటు గోడల్ని కొట్టడానికి ఆలోచించిన పద్ధతి నుంచి పుట్టింది. పల్చటి గోడల డొల్ల, లోపల మెత్తటి ప్లాస్టిక్ పేలుడు మందు. కవచానికి తగలగానే డొల్ల నలిగిపోయి, మనవాళ్ళు పేడ ముద్దను గోడకు కొట్టి పిడక చేసినట్టు ఆ మందు కవచం మీద వెడల్పుగా పరుచుకుంటుంది. అప్పుడు అడుగునున్న ఫ్యూజ్ దాన్ని పేలుస్తుంది. కవచానికి చిల్లు పడదు. కానీ ఆ అదురు కవచంలోంచి ప్రయాణించి లోపలి వైపు నుంచి పెద్ద పెచ్చును ఊడగొట్టి సిబ్బంది మీదకు విసురుతుంది. పరుచుకోవాల్సిన గుండుకు వాడి మొనతో, ముందు వైపు ఫ్యూజ్‌తో పనేముంది? అందుకే హెష్ ముక్కు మొద్దుగా, నున్నగా, కొసన ఏ బిరడా లేకుండా ఉంటుంది. గాడుల గన్‌దే కాబట్టి కింద రాగి పట్టీ ఖాయం. అర్జున్, బ్రిటిష్ చాలెంజర్ 2 వాడేది ఈ రకాన్నే. అమెరికన్లు దీన్ని హెప్ అంటారు. కవచంలో పొరలు పొరలుగా వేర్వేరు పదార్థాలు పెట్టడం మొదలయ్యాక ట్యాంకుల మీద దీని పస తగ్గింది. భవనాల మీద, బంకర్ల మీద ఇప్పటికీ పనికొస్తుంది.

మామూలు పేలుడు గుండు, అంటే హెచ్‌ఈ, గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నిండైన ఒళ్ళు, నున్నగా వంపు తిరిగిన ముక్కు, ముక్కు కొసన స్పష్టంగా కనిపించే లోహపు ఫ్యూజ్. హెష్‌కూ దీనికీ తేడా ఆ ఫ్యూజే. 125 మిల్లీమీటర్ల రకానికి వెనక మడత పెట్టిన రెక్కలు ఉంటాయి, బ్యారెల్ దాటాక విచ్చుకుంటాయి.

ముందు భాగం బల్లపరుపుగా, మొన అన్నదే లేకుండా డబ్బాలా ఉంటే అది క్యానిస్టర్. అబ్రామ్స్ వాడే ఎం1028లో వెయ్యికి పైగా టంగ్‌స్టన్ గుళికలు ఉంటాయి. బ్యారెల్ దాటగానే డబ్బా పగిలి అవి చెల్లాచెదురుగా పోతాయి. ఎక్కువ దూరం పోయే గుండు కాదు గనక గాలిని చీల్చే ముక్కు దానికి అనవసరం.

ప్రాక్టీసు గుండ్లలో ఒకటి మాత్రం ప్రత్యేకంగా చూడదగ్గది. నిజం బాణాన్ని ప్రాక్టీసుకు పేలిస్తే గురి తప్పినప్పుడు అది రేంజ్ దాటి ఎక్కడికో పోతుంది. అందుకని అమెరికన్ ఎం865 తోకకు రెక్కల బదులు చిల్లులున్న శంకువు పెట్టారు. మొదట్లో నిజం బాణం దారిలోనే పోతుంది, తర్వాత ఆ శంకువు గాలిని పట్టి దాన్ని తొందరగా కింద పడేస్తుంది.

టీ-90 బల్ల మీద ఇంకోటి కూడా కనిపించవచ్చు, ఇన్వార్. అది గుండు కాదు, గన్ బ్యారెల్‌లోంచి పేల్చే క్షిపణి, లేజర్ కిరణాన్ని పట్టుకుని ఐదు కిలోమీటర్ల దాకా పోతుంది. సంగారెడ్డి జిల్లా భానూరులోని భారత్ డైనమిక్స్ యూనిట్‌లో దీన్ని తయారుచేస్తారు. సాబో లేదు, గొట్టం ముక్కు లేదు. ఒంటికి మడిచిపెట్టిన చిన్న చిన్న రెక్కలే దీని ఆనవాలు.

ఇప్పుడు రంగులు

అమెరికన్, నాటో పద్ధతిలో నలుపు ఒళ్ళు, తెల్ల అక్షరాలు అంటే వేగంతో గుద్దే రకం. నలుపు ఒళ్ళు, పసుపు అక్షరాలు అంటే హీట్. ఆలివ్ పచ్చ మీద పసుపు అక్షరాలు హెచ్‌ఈ. నీలం ప్రాక్టీసుది. లేత ఆకుపచ్చ పొగ గుండు. చూశారుగా, బాణమూ హీట్‌గుండూ రెండూ నలుపే. దూరం నుంచి తీసిన ఫొటోలో అక్షరాల రంగు కనిపించదు, ఆకారమే దిక్కు.

రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ గుండ్లకు ఈ లెక్క వర్తించదు. అక్కడ నలుపు ఒళ్ళు, తెల్ల మొన అంటే పాంజర్‌గ్రనాటె 39. మొత్తం నలుపైతే టంగ్‌స్టన్ కోర్ ఉన్న 40. రష్యన్ గుండ్ల మీద రంగు కన్నా రాత ఎక్కువ ఉపయోగం. ఆ రాతలో ఇండెక్స్ అనే కోడ్ ఉంటుంది. అందులో 3 అంకె తర్వాత వచ్చే రష్యన్ అక్షరాలు బీఎం అయితే బాణం, బీకే అయితే హీట్, ఓఎఫ్ అయితే పేలుడు గుండు. టీ-72 బాణాల్లో పేరుమోసిన మాంగో ఇండెక్స్ 3బీఎం42. ఆ అక్షరాలు తెలిస్తే ఉక్రెయిన్ నుంచి వచ్చే సగం ఫొటోలకు క్యాప్షన్ మీరే రాయొచ్చు.

ఎంత తెలిసినా ఆకారం తలుపు మూసేసే చోట్లు కొన్ని ఉన్నాయి. బాణం టంగ్‌స్టన్‌దా, యురేనియందా అన్నది బయట నుంచి చూసి చెప్పలేం. రాతలోని మోడల్ పేరే చెప్పాలి. సాబో కనిపించింది గనక బాణమే అనుకుంటే అమెరికన్ 120 మిల్లీమీటర్ల ఎం830ఏ1 దగ్గర బోల్తా పడతాం. దానికీ సాబో ఉంది, కానీ లోపల ఉన్నది బ్యారెల్ కన్నా సన్నటి హీట్ గుండు. దాని ముక్కు తీసేసి గట్టి ఉక్కు ముక్కు పెడితే ఎం908 అవుతుంది, కాంక్రీటు అడ్డంకుల్ని కొట్టడానికి. రెండింటికీ ఒళ్ళు ఒకటే.

ఈ రెండింటితో పాటు పాత ఎం830 హీట్‌నూ, ఎం1028 క్యానిస్టర్‌నూ, మొత్తం నాలుగింటినీ పక్కన పెట్టి వాటి స్థానంలో అమెరికా తెస్తున్నది ఎం1147 అనే ఒకే ఒక్క గుండు. తగలగానే పేలాలా, గోడ దాటి లోపలికి వెళ్ళాక పేలాలా, గాలిలోనే పేలాలా అన్నది ట్యాంకు లోపలి నుంచి, పేల్చే ముందు ఫ్యూజ్‌కు చెబుతారు. బల్ల మీద దాన్ని నిలబెట్టి ఏ రకమని అడిగితే, గన్నర్ ఇంకా నిర్ణయించలేదు అనాల్సి వస్తుంది.